కొత్త ఆట పెట్టె గెలవాలంటే ఏం కావాలి?

పదో తరగతిలో ఉష్ణం గురించి పాఠం చెబుతున్నాను. వెనుక బెంచీ నుంచి ఒక చెయ్యి లేచింది.

"సార్, కొత్త తరం వీడియో గేమ్ కన్సోల్ వస్తుందట. పాతదానికన్నా ఎన్నో రెట్లు వేగమట. ఇక మిగతా కంపెనీల పని అయిపోయినట్టే కదా సార్?"

తరగతి అంతా నవ్వింది. కాని ప్రశ్న నవ్వి వదిలేసేది కాదు. నేను తిరిగి ఒక ప్రశ్న వేశాను: "రేసు గుర్రం ఎడ్లకంటే వేగంగా పరుగెత్తుతుంది. దాన్ని తెచ్చి నాగలికి కడితే పొలం బాగా దున్నుతుందా?"

"దున్నదు సార్!" అన్నారు అందరూ.

ఎందుకు దున్నదు? వేగం ఒక్కటే బలం కాదు కాబట్టి. చేయవలసిన పనికి, చేసే చోటుకు, పోషించే యజమానికి తగినట్టు ఉండాలి. ఆట పెట్టె సంగతీ అంతే. నిజం చెప్పాలంటే, ఈ ప్రశ్నకు నేను కూడా ఒకసారి తప్పు జవాబు చెప్పాను. దానివల్ల నష్టపోయింది నేను కాదు, మా మేనల్లుడు. ఆ కథ చివర చెబుతాను. ముందు విషయంలోకి వెళదాం.

కన్సోల్ అంటే ఏమిటి?

కన్సోల్ అంటే ఆటలు ఆడటానికే ప్రత్యేకంగా తయారుచేసిన కంప్యూటర్. దాన్ని టీవీకి కలుపుతాం. చేతిలో పట్టుకునే మీటల పలకతో ఆజ్ఞలు ఇస్తాం. అది ఆ ఆజ్ఞలను లెక్కల్లోకి మార్చి, సెకనుకు 30 లేదా 60 బొమ్మలు గీసి తెరమీదికి పంపుతుంది. సినిమా రీలులో బొమ్మలు ముందే ఉంటాయి. ఇక్కడ మీరు మీట నొక్కిన తర్వాతే బొమ్మ తయారవుతుంది. అందుకే దీనికి అంత వేగం కావాలి.

ఇళ్లలో వాడటానికి అమ్మిన మొదటి కన్సోల్ మాగ్నవాక్స్ ఒడిస్సీ. అది 1972లో అమెరికాలో వచ్చింది. దానిలో మైక్రోప్రాసెసర్ లేదు, శబ్దం కూడా లేదు. తెరమీద కొన్ని తెల్లని చుక్కలు కదిలేవి, అంతే. ఈనాటి పెట్టెల శక్తిని 'టెరాఫ్లాప్'లలో కొలుస్తారు. ఒక టెరాఫ్లాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల దశాంశ లెక్కలు. 2020 నవంబరులో విడుదలైన సోనీ వారి ప్లేస్టేషన్ 5 శక్తి సుమారు 10.3 టెరాఫ్లాప్‌లు. అదే నెలలో వచ్చిన మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ శక్తి సుమారు 12.1.

ఈ రెండు అంకెలను మాత్రమే చూస్తే గెలవవలసింది ఏది? ఎక్స్‌బాక్స్. కాని లోకంలో ఎక్కువగా అమ్ముడుపోయింది ప్లేస్టేషన్ 5. కాబట్టి అంకె ఒక్కటే గెలిపించదని ఇక్కడే తేలిపోయింది. మరి గెలిపించేవి ఏవి? ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది: ఆటలు

మన ఆదిలాబాద్ అడవి పల్లెల్లో ఒక మాట వింటుంటాం. "బస్సు రాదని జనం ఎదురుచూడరు, జనం ఉండరని బస్సు రాదు." కన్సోల్‌కూ ఇదే చిక్కు. ఆటలు లేవని జనం పెట్టె కొనరు. పెట్టెలు ఇళ్లలో లేవని ఆటలు తయారుచేసేవారు ముందుకు రారు. ఈ ముడిని విప్పవలసిన బాధ్యత పెట్టె చేసిన కంపెనీదే. మొదటి రోజుకే మంచి ఆటలు సిద్ధం చేసుకోవాలి.

1995లో సెగా కంపెనీ ఈ సంగతి మరచింది. అమెరికాలో తన శాటర్న్ కన్సోల్‌ను సెప్టెంబరులో విడుదల చేస్తామని చెప్పి, మే నెలలోనే ఉన్నట్టుండి దుకాణాల్లో పెట్టింది. పోటీదారుకంటే ముందు రావాలని ఆశ. కాని ఆటలు తయారుచేసేవారి పని అప్పటికి పూర్తి కాలేదు. పెట్టెలు కూడా చాలినన్ని లేక కొన్ని దుకాణాలకే అందాయి. తొందరపడి కోసిన కాయ పండలేదు.

2012లో నింటెండో విడుదల చేసిన వీ యూ కన్సోల్ మరో ఉదాహరణ. అంతకు ముందున్న వీ కన్సోల్ 10 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. కొత్తదాని పేరు పాతదానిలాగే ఉండటంతో, ఇది కొత్త యంత్రమో పాతదానికి తగిలించే పరికరమో చాలామందికి అర్థం కాలేదు. ఆటలూ నెమ్మదిగా వచ్చాయి. చివరికి అమ్ముడుపోయినవి 1.36 కోట్లు మాత్రమే. 'ఇది ఏమిటి, దీనితో ఏం ఆడవచ్చు' అన్నది మొదటి రోజే స్పష్టంగా తెలియాలన్నమాట.

ఇందులో మన హైదరాబాద్ అనుభవం కూడా ఉంది. 2009లో 'హనుమాన్: బాయ్ వారియర్' అనే ఆట వచ్చింది. పూర్తిగా మన దేశంలోనే తయారైన మొదటి ప్లేస్టేషన్ 2 ఆటగా దాన్ని విడుదల చేశారు. తయారుచేసింది హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్. విమర్శకులు దాన్ని పెద్దగా మెచ్చుకోలేదు. అయినా ఒక విషయం గమనించండి. ప్లేస్టేషన్ 2 మొదట విడుదలైనది 2000లో. అంటే మనవాళ్ల ఆట వచ్చేసరికి ఆ పెట్టెకు తొమ్మిదేళ్లు. అప్పటికే దాని తర్వాతి తరం, ప్లేస్టేషన్ 3, మన దేశానికి వచ్చి రెండేళ్లయింది. మరి పాతదానికే ఎందుకు చేశారు? మన ఇళ్లలో ఎక్కువగా ఉన్నది, మధ్యతరగతికి అందేది పాతదే కాబట్టి! ఆట చేసేవాడు పెట్టె వేగం చూడడు, పెట్టె ఎన్ని ఇళ్లలో ఉందో చూస్తాడు.

రెండవది: ధర

ఆ 1995లోనే శాటర్న్ ధర 399 డాలర్లు. సోనీ తన మొదటి ప్లేస్టేషన్‌ను 299 డాలర్లకే ఇస్తామని ప్రకటించింది. ఆ వంద డాలర్ల తేడా ఆటను సగం గెలిపించింది. అదే సోనీ 2006లో ప్లేస్టేషన్ 3ని 499, 599 డాలర్లకు తెచ్చి మొదటి ఏళ్లలో చాలా కష్టపడింది. అప్పుడు నింటెండో వీ ధర 249 డాలర్లే. శక్తిలో వీ చాలా వెనుక. కాని చేతి కదలికను గుర్తించే త్వరణ సూచిక దాని మీటల కర్రలో ఉంది. చెయ్యి ఊపితే తెరమీద బ్యాటు ఊగేది. తాతలు, అమ్మమ్మలు కూడా ఆడారు.

కంపెనీలు కొన్నిసార్లు పెట్టెను ఖర్చుకంటే తక్కువకే అమ్ముతాయి. నష్టం కాదా? సెల్‌ఫోన్ సిమ్ కార్డును ఉచితంగా ఇచ్చి రీచార్జి మీద సంపాదించడం మీరు చూశారు కదా. ఇదీ అంతే. పెట్టె మీద పోయినది ఆటల మీద వస్తుంది. కాబట్టి కొనేవారు పెట్టె ధర ఒక్కటే కాక, ఆటల ధర కూడా కలిపి లెక్క వేసుకోవాలి.

మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న ప్లేస్టేషన్ 5 విడుదలైంది. ధర 49,990 రూపాయలు. ఆ 2020-21 సంవత్సరంలో తెలంగాణలో ఉపాధి హామీ పథకం దినకూలి 237 రూపాయలు. భాగించి చూడండి: దాదాపు 211 రోజుల కూలి! ఆ పథకం అప్పట్లో ఒక కుటుంబానికి హామీ ఇచ్చినది ఏడాదికి 100 రోజుల పని. అంటే తిండి, బట్ట ఏమీ లేకుండా దాచినా రెండేళ్లకు పైనే పట్టేది. అమెరికాలో ఆలోచించి నిర్ణయించిన ధరకు ఇక్కడ అర్థం వేరు.

హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల గారు 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సంస్థకు అధిపతి అయ్యారు. అప్పటికి కొద్ది నెలల ముందే, 2013 నవంబరులో, ఆ సంస్థ ఎక్స్‌బాక్స్ వన్ విడుదల చేసి ఉంది. దానితో పాటు కదలికలను చూసే 'కినెక్ట్' అనే కెమెరాను తప్పనిసరిగా కొనవలసి వచ్చేది. అందుకే ధర 499 డాలర్లు. పోటీలో ఉన్న ప్లేస్టేషన్ 4 ధర 399. జనం చౌకదాని వైపు వెళ్లారు. 2014లోనే కెమెరా లేకుండా 399 డాలర్లకు ఇవ్వక తప్పలేదు. 2020కి వచ్చేసరికి మైక్రోసాఫ్ట్ మొదటి రోజే రెండు రకాలు తెచ్చింది. మన దేశంలో పెద్దది 49,990, చిన్నది 34,990 రూపాయలు. పాత దెబ్బ నేర్పిన పాఠం అది.

మూడవది: నమ్మకం

ఇప్పుడు మన ఉష్ణం పాఠానికి వద్దాం. చిప్‌లో ఖర్చయ్యే విద్యుత్తు దాదాపు అంతా చివరికి వేడిగా మారుతుంది. ఆ వేడిని బయటికి పంపకపోతే చిప్ పాడవుతుంది. కన్సోల్ లోపల చాలా చోటును రాగి, అల్యూమినియం రెక్కలు, ఫ్యాను ఆక్రమించేది అందుకే.

2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360లో ఏం జరిగిందో చూడండి. ఆడేటప్పుడు లోపలి భాగాలు వేడెక్కి వ్యాకోచించేవి. ఆపినప్పుడు చల్లబడి సంకోచించేవి. చిప్, దాని కింది పలక, మధ్యనున్న టంకం ఒకే రీతిలో వ్యాకోచించవు. రోజూ ఇలా లాగుళ్లు పడి లోపలి సన్నని అతుకులు పగిలాయి. ముందున్న గుండ్రని దీపంలో మూడు భాగాలు ఎర్రగా వెలిగి యంత్రం ఆగిపోయేది. 2007 జూలైలో మైక్రోసాఫ్ట్ ఈ లోపానికి హామీ కాలాన్ని మూడేళ్లకు పెంచింది. అందుకు కేటాయించినది 100 కోట్ల డాలర్లకు పైనే! పదో తరగతి విద్యార్థి చదివే ఘనపదార్థాల వ్యాకోచం ఒక మహా సంస్థకు అంత ఖర్చు తెచ్చిపెట్టింది.

1983లో జపాన్‌లో నింటెండో వారి ఫామికామ్ విడుదలైనప్పుడు కూడా మొదటి విడత యంత్రాల్లో చిప్ లోపం బయటపడింది. కంపెనీ వాటిని వెనక్కు తీసుకుని లోపలి పలకలను మార్చి ఇచ్చింది. నష్టం వచ్చినా నమ్మకం నిలిచింది. తప్పు జరగడం వేరు, దాన్ని దిద్దుకోవడం వేరు.

నాలుగవది: పాతవారిని వదలకపోవడం, సరుకు అందించడం

ప్లేస్టేషన్ 2 వచ్చిన కొత్తలో దానికి గొప్ప ఆటలు ఎక్కువ లేవు. అయినా నిలిచింది. ఎందుకు? పాత ప్లేస్టేషన్ ఆటలు దానిలో ఆడేవి. డీవీడీ సినిమాలు కూడా చూడవచ్చు. అప్పట్లో డీవీడీ యంత్రం ఖరీదైన వస్తువు. 'రెండు పనులకు ఒక పెట్టె' అని జనం కొన్నారు. 16 కోట్లకు పైగా అమ్ముడుపోయి అది చరిత్ర సృష్టించింది.

2025 జూన్ 5న నింటెండో స్విచ్ 2 విడుదలైంది. అది పాత స్విచ్ ఆటల్లో చాలా వాటిని ఆడిస్తుంది. పెట్టెలనూ ముందే పెద్ద ఎత్తున తయారుచేసి ఉంచారు. మొదటి నాలుగు రోజుల్లోనే 35 లక్షలు అమ్ముడుపోయాయి. దీనికి భిన్నంగా 2020లో కరోనా కాలపు చిప్‌ల కొరత వల్ల ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ రెండూ నెలల తరబడి దొరకలేదు. దొరికిన కొద్ది పెట్టెలను కొని ఎక్కువ ధరకు అమ్మినవారూ ఉన్నారు. విత్తే రోజున విత్తనం దొరకకపోతే వాన ఎంత పడి ఏం లాభం?

అయిదవది: మన ఊరి పరీక్ష

ఇప్పటిదాకా చెప్పినవి లోకమంతటికీ వర్తిస్తాయి. కాని కరీంనగర్‌లోనో, ఆదిలాబాద్‌లోనో ఒక పెట్టె గెలవాలంటే మరో మూడు లెక్కలు సరిపోవాలి. కాగితం, పెన్సిలు తీసుకోండి.

వేడి లెక్క: ప్లేస్టేషన్ 5తో ఇచ్చే సూచనల్లో దాన్ని 5 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య వాడాలని ఉంది. మే నెలలో మన రామగుండంలో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. కూలర్ లేని గదిలో 40 దాటడం వింత కాదు. ఒక వస్తువు నుంచి వేడి బయటికి పోయే రేటు, దానికీ చుట్టూ ఉన్న గాలికీ మధ్యనున్న ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుంది. ఇది న్యూటన్ శీతలీకరణ నియమం. చిప్ రెక్కలు 80 డిగ్రీల వద్ద ఉన్నాయనుకుందాం. గది 25 డిగ్రీలైతే తేడా 55. గది 42 డిగ్రీలైతే తేడా 38. అంటే అదే ఫ్యాను, అదే వేగంతో తిరిగినా, బయటికి పోయే వేడి దాదాపు 31 శాతం తగ్గింది! ఇక ఫ్యాను హోరెత్తాలి, లేదా యంత్రం తనంతట తాను ఆగిపోవాలి.

కరెంటు లెక్క: పెద్ద ఆట ఆడేటప్పుడు ఇలాంటి పెట్టె సుమారు 200 వాట్లు తీసుకుంటుంది. అంటే మన పాత సీలింగ్ ఫ్యాన్లు రెండు, మూడింటికి సమానం. రోజుకు 2 గంటల చొప్పున 30 రోజులకు 200 × 2 × 30 = 12,000 వాట్ గంటలు, అంటే 12 యూనిట్లు. ఇది మోయలేని భారం కాదు. ఇందులో పెట్టె నెగ్గినట్టే.

డౌన్‌లోడ్ లెక్క: ఈ కాలపు పెద్ద ఆట ఒకటి 80 గిగాబైట్లు ఉందనుకోండి. ఒక బైటుకు 8 బిట్లు కాబట్టి 640 గిగాబిట్లు, అంటే 6,40,000 మెగాబిట్లు. సెకనుకు 40 మెగాబిట్లు ఇచ్చే తీగ ఇంటర్నెట్ ఉంటే 16,000 సెకన్లు, దాదాపు నాలుగున్నర గంటలు. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి వస్తుంది. కాని తీగ లేని పల్లెలో, రోజుకు 1.5 గిగాబైట్ల సెల్‌ఫోన్ ప్లాన్ మీద ఆధారపడితే? 80ని 1.5తో భాగించండి. 53 రోజులకు పైనే! అప్పటిదాకా ఇంట్లో ఎవరూ ఫోనులో ఏమీ చూడకూడదు.

నేను చేసిన తప్పు

ఇక మొదట చెప్పిన కథ. మా చెల్లెలి కొడుకు ఆదిలాబాద్ దగ్గర పల్లెలో పత్తి పండిస్తాడు. ఒక ఏడాది పంట బాగా వచ్చింది. ఎనిమిదో తరగతి చదివే కొడుకు ఎన్నాళ్లుగానో అడుగుతున్నాడని కన్సోల్ కొందామనుకున్నాడు. "మామా, నువ్వు సైన్స్ సారువి. ఏది తీసుకోమంటవ్?" అని ఫోను చేశాడు.

నేను ఉత్సాహంగా అంకెలన్నీ చూశాను. డిస్క్ పెట్టే చోటు ఉన్న రకం ఒకటి, లేని రకం ఒకటి. రెండింటిలో చిప్ ఒక్కటే, వేగం ఒక్కటే. డిస్క్ లేనిది కొన్ని వేలు తక్కువ. "అదే వేగం తక్కువ ధరకు వస్తుంటే ఇంకేం కావాలి? డిస్క్ లేనిదే తీసుకో" అన్నాను. లెక్క సరిగానే వేశాను, కాని లెక్కలోకి తీసుకోవలసిన వాటిని సగం వదిలేశాను.

వాళ్ల ఊరికి తీగ ఇంటర్నెట్ లేదు. డిస్క్ లేదు కాబట్టి ప్రతి ఆటా డౌన్‌లోడ్ కావలసిందే. పెట్టెను గోనె సంచిలో చుట్టి, మోటారు సైకిలు మీద ఆదిలాబాద్‌లోని చుట్టాల ఇంటికి తీసుకెళ్లి, రాత్రంతా అక్కడ ఉంచి ఆటలు నింపుకుని వచ్చేవారు. డిస్క్ ఉన్న పెట్టె అయితే పక్క ఊరి స్నేహితుడి దగ్గర ఆట అడిగి తెచ్చుకునేవాడు, ఆడటం అయ్యాక సగం ధరకు అమ్ముకునేవాడు. ఆ దారులన్నీ మూసినవాణ్ణి నేనే. పైగా ఏప్రిల్ వచ్చేసరికి మధ్యాహ్నం పూట తెరమీద వేడి హెచ్చరిక వచ్చి యంత్రం ఆగిపోయేది. పిల్లవాడు తెల్లవారుజామున లేచి ఆడటం నేర్చుకున్నాడు.

సెలవుల్లో వెళ్లినప్పుడు ఈ సంగతి చెప్పి నొచ్చుకున్నాను. "ఏం కాదు మామా" అన్నాడు మేనల్లుడు. ఆ మాట నాకు తిట్టుకంటే ఎక్కువగా తగిలింది. ఆ పెట్టె వెనుక ఒక వానాకాలమంతా చేనులో వంగిన నడుములున్నాయి. తొందరగా జవాబు చెప్పేముందు, "మీ ఊళ్లో నెట్ ఎలా ఉంది? పెట్టె ఏ గదిలో పెడతారు?" అని రెండు ప్రశ్నలు అడిగి ఉంటే సరిపోయేది.

అందుకే ఆ వెనుక బెంచీ కుర్రాడికి ఇలా చెప్పాను. ఏ యంత్రాన్నయినా తూచేటప్పుడు "ఎంత వేగం?" అన్నది చివరి ప్రశ్న. దానితో ఏం చేయవచ్చు? నాకు అందే ధరేనా? నా గదిలో, నా ఎండలో, నా నెట్‌తో పనిచేస్తుందా? చెడిపోతే బాగుచేసేవారున్నారా? ఇవి ముందు ప్రశ్నలు. కంపెనీ విడుదలకు ముందే వీటికి జవాబు సిద్ధం చేసుకుంటే ఆ పెట్టె గెలుస్తుంది. కొనేవాడు డబ్బు ఇవ్వకముందే వీటిని అడిగితే ఆ కుటుంబం గెలుస్తుంది. మొదటి రోజే కొనాలన్న నియమం ఎక్కడా లేదు. ఆరు నెలలు ఆగితే లోపాలు బయటపడతాయి, ఆటలు పెరుగుతాయి.

రేపు మీలో ఎవరైనా ఇలాంటి యంత్రాలను తయారుచేసే చోట పనిచేయవచ్చు. అప్పుడు చల్లని గదిలో కూర్చుని లెక్కలు వేస్తూ, రామగుండం మే నెలను కూడా ఆ లెక్కలో కలపడం మరచిపోకండి.

చేసి చూడండి

ఒకే రకమైన స్టీలు గ్లాసులో ఒకే కొలత వేడి నీళ్లు పోసి, థర్మామీటరుతో 70 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు చల్లబడటానికి పట్టే కాలాన్ని కొలవండి. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి చేయండి. రెండుసార్లూ గది ఉష్ణోగ్రత రాసుకోండి. ఫ్యాను ఆపి ఉంచండి. వేడి నీళ్లను పెద్దవాళ్ల సాయంతో పోయండి.

ఆలోచించండి

1. పై ప్రయోగంలో ఏ పూట ఎక్కువ కాలం పట్టింది? కన్సోల్‌కు దీనితో సంబంధం ఏమిటి?

2. మీ ఊళ్లో సెకనుకు 4 మెగాబిట్ల వేగం మాత్రమే వస్తే 80 గిగాబైట్ల ఆట దిగడానికి ఎన్ని గంటలు పడుతుంది?

3. కన్సోల్‌ను టీవీ కింది మూసిన అలమారలో పెడితే ఏమవుతుంది? కారణం రాయండి.

4. కరీంనగర్, ఆదిలాబాద్ ఇళ్ల కోసం మీరే ఒక ఆట పెట్టె తయారుచేస్తే దానిలో ఏ మూడు గుణాలకు మొదటి స్థానం ఇస్తారు? ఎందుకు?